పెద్దపండగ కబడ్డీకి పొలంలో బళ్ల స్టాండు, జట్ల మకాం

పోటీలు కనుమ నాడైనా, పొలం మాట నవంబరులోనే తేల్చుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి కోతకు ముందే, నేలలో తడి ఉండగా మినుములో పెసలో చల్లేస్తారు. కోసిన మడి ఖాళీగానే కనబడుతుంది గానీ పండగ నాటికి అందులో పైరు ఉంటుంది. చల్లకముందే రైతుతో మాట్లాడి, ఆ అపరాల మీద వచ్చేదెంతో లెక్కగట్టి ఇచ్చెయ్యండి. కొట్టిన గట్లు మళ్లీ వేసే పూచీ మనదేనని కాగితం మీద రాసుకోండి.

నీడ ఉందని మామిడి తోటలో మకాం పెట్టొద్దు. జనవరిలో పూత మీద ఉంటుంది, తేనెమంచు పురుగుకి మందు కొడుతుంటారు. ఉద్దానం వైపు కొబ్బరి తోట పరవాలేదు, కాయలూ ఎండు మట్టలూ ముందు దింపించాలి.

మధ్య దారులు కలుపుకుని సెంటుకి 10 మోటారు సైకిళ్లు, కార్లయితే ఒకటిన్నర. 800 బైకులు, 60 కార్లు వస్తాయనుకుంటే 120 సెంట్లు. గట్లకీ ఆటోలకీ ఇంకో 30 కలిపి ఎకరన్నర చూసుకోవాలి. రేగడి నేల పైన పెచ్చు కట్టి గట్టిగా ఉన్నట్టుంటుంది, కింద పచ్చిగా ఉంటుంది. కాలితో తొక్కి చూస్తే తెలీదు. లోడున్న ట్రాక్టరు తొట్టిని ఓసారి అడ్డంగా నడిపించండి. చక్రం జాడ రెండు వేళ్ల లోతు మించితే ఆ మడిలోకి కార్లు వద్దు.

అందరూ లోపలికి వచ్చే దారి గురించి ఆలోచిస్తారు. గొడవంతా బయటికి పోయే దారి దగ్గరే. బళ్లు పొద్దుటినుంచి ఒక్కొక్కటే వస్తాయి, ఫైనల్ అవగానే అన్నీ ఒకేసారి కదులుతాయి. అందుకే ముందు బయటికి పోయే దారి గియ్యండి. బైకులకి ఒక గండి, కార్లకి వేరే గండి, ఒక్కోటీ 10 అడుగులు. కార్ల గండిలోంచి బైకులు దూరాయంటే రెండూ కదలవు. గట్టు కొట్టేచోట కింద బోదె ఉంటే తూము పైపు వేసి, రెండు వైపులా ఇసుక బస్తాలు పేర్చాలి. లేకపోతే పదో కారుకే కుంగిపోతుంది.

వరసలకి ముగ్గు గియ్యకండి, తెల్లారేసరికి మంచుకి తడిసి తొక్కుళ్లలో పోతుంది. వెదురు మేకులు కొట్టి కొబ్బరి తాడు లాగండి. బైకులతో వచ్చే చిక్కు సైడు స్టాండు. పొద్దున్న గట్టిగా ఉన్న నేలలోకే సాయంత్రానికి మెల్లగా దిగుతుంది, ఒక బండి ఒరిగితే పక్కవి పదీ వరసగా పడతాయి. ప్రతి స్టాండు కిందా అరచేయంత పెంకు ముక్క పెట్టించండి. రెండు బస్తాలు సరిపోతాయి, ఏ పాత ఇంటి దగ్గరైనా దొరుకుతాయి. వాలున్నచోట ముందు చక్రం ఎత్తువైపు ఉంచి, మొదటి గేరులో పెట్టమనండి.

డబ్బులు రోడ్డు మీద వసూలు చెయ్యొద్దు. కనీసం 100 అడుగులు లోపలికి వచ్చాక టోకెను ఇస్తే వరస రోడ్డెక్కదు. రేటు 20 లాంటి గుండు అంకె పెట్టండి. జనం పెరిగాక సిగ్నలు దొరకదు, ఫోన్‌పే కోసం ఒక్కడు ఆగితే వెనక యాభై మంది హారన్లు కొడతారు. చిల్లర సంచి ఉండాలి.

గడ్డి కుప్పలకీ బళ్లకీ మధ్య 50 అడుగులు వదలండి. ఎండిన దుబ్బులకి వేడి సైలెన్సరు తగిలినా చాలు. మడికో 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము, నాలుగు బకెట్ల ఇసుక ఉంచండి. 108 బండి వచ్చే దారిలో ఎవరినీ ఆపనివ్వకండి, పెద్దల కార్లనైనా సరే.

ఇక మకాం. కబడ్డీ జట్టంటే 12 మంది ఆటగాళ్లు, కోచ్, మేనేజరు. 16 జట్లకి 224 మంది. 18×36 అడుగుల షామియానా జట్టుకి ఒకటి. గుడ్డ ఒక్కటే వేస్తే నాలుగు గంటలకల్లా మంచు కారి పక్కలు తడుస్తాయి, పైన టార్పాలిన్ తప్పదు. వెచ్చగా ఉంటుందని గడ్డి పరిచే అలవాటుంది, దాని పక్కన దోమల చక్రం వెలిగించే అలవాటూ ఉంది. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కింద బరకం, పైన దోమతెర ఇవ్వండి.

వాడకానికి మనిషికి 40 లీటర్లు, అంటే రోజుకి 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. తాగడానికి 20 లీటర్ల టిన్నులు 60. ట్యాంకరు నీళ్లకి 1,000 లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడరు తీసుకుని, బకెట్లో కలిపి, పైన తేటనీరు మాత్రం పొయ్యండి. గంట ఆగాకే వాడాలి. అడుగున సున్నం మడ్డి పోస్తే కుళాయిలు పూడిపోతాయి.

మరుగుదొడ్లు 20 మందికి ఒకటి చొప్పున 12. బావికీ బోరుకీ 100 అడుగుల దూరంలో, వాటికి ఎగువన కాకుండా, నీళ్లు నిలవని చోట. వంశధార, నాగావళి ఒడ్డు పల్లాల్లో కొద్ది లోతుకే నీళ్లు ఊరతాయి కాబట్టి వారం ముందు ఒక గొయ్యి తవ్వి చూసి, గుంట అడుగుభాగం నీటిమట్టానికి 5 అడుగుల పైనే ఆపండి. అంత దక్కకపోతే గోతులు మానేసి, స్కూలు దొడ్లు అడిగి జట్లను అటు పంపండి.

ముక్కనుమ మర్నాడు ముందు ప్లాస్టిక్ ఏరించాలి, ఆ మడిలోకే పశువులు వస్తాయి. గట్ల మీద తీసిన మట్టి పక్కనే కుప్పగా ఉంచి ఉంటే పొరపొరకీ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టవచ్చు. కొట్టినప్పుడు మేకులెన్నో రాసుకోండి, పీకినప్పుడు లెక్క కుదిరాకే రైతుకి పొలం అప్పగించండి.