కౌమార మెదడు, ఉపాధ్యాయుని చేయూత – 3వ పాఠం: తోటివారి ఎదుట తలెత్తే ఘర్షణ

కౌమారంలో నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుందనీ, 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమనీ గత పాఠంలో తెలుసుకున్నాం. ఈసారి సాధన చేయవలసినది ఒకే నైపుణ్యం: విద్యార్థి తరగతిలో ఎదురు తిరిగినప్పుడు విచారణను ఆ క్షణం నుంచీ, చూస్తున్నవారి నుంచీ వేరుచేయడం.

ఆరేళ్లకే మెదడు పరిమాణం పెద్దవారి మెదడులో దాదాపు 90 శాతానికి చేరుతుంది కనుక, కౌమారంలో ప్రధానంగా జరిగేది పునర్నిర్మాణం. వాడుకలో లేని నాడీ సంధులు, అంటే నాడీకణాల మధ్య కలయికలు, తొలగిపోతాయి. తరచుగా పనిచేసే మార్గాల్లో నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర దట్టమై సంకేతాలు వేగం పుంజుకుంటాయి. ఉద్వేగాలకూ ప్రతిఫలాలకూ స్పందించే భాగాలు కౌమారారంభంలోనే చురుకెక్కగా, పర్యవసానాలను బేరీజు వేసి తొందరపాటును అదుపు చేసే, నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ అనే భాగం 25 ఏళ్ల ప్రాంతం వరకూ పరిణతి చెందుతూనే ఉంటుంది.

అంతమాత్రాన వీరికి ఆలోచించడం రాదని భావించడం అన్యాయం. ప్రశాంతంగా, తగిన వ్యవధి ఇచ్చి అడిగితే 16 ఏళ్లవారు తర్కంలో పెద్దవారికి దాదాపు సమానంగా నిలుస్తారు. వారి నిర్ణయాన్ని పరిస్థితి ఎంతగానో మారుస్తుంది. మనస్తత్వ పరిశోధకులు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్‌పై కారు నడిపే ఆటను ఒంటరిగా ఆడిన కౌమారుల కన్నా మిత్రుల సమక్షంలో ఆడినవారు ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. 24 ఏళ్లు దాటినవారిలో ఆ తేడా కనిపించలేదు.

తరగతి అంతా చూస్తుండగా "ఎందుకలా చేశావు?" అని నిలదీసినప్పుడు, విద్యార్థి మనకు కాక తోటివారికి జవాబు చెబుతాడు. కనుక దగ్గరకు వెళ్లి, గొంతు తగ్గించి, "ఇప్పుడు పని కొనసాగించు, విరామంలో మనిద్దరం మాట్లాడుకుందాం" అని మాత్రమే చెప్పి, అతని సమాధానం కోసం ఎదురుచూడకుండా పాఠంలోకి వెళ్లిపోవాలి. ఇలా పక్కకు తప్పుకోవడమే అన్నిటికన్నా కష్టమని నా అభిప్రాయం, ఎందుకంటే చివరి మాట మనదే కావాలన్న పట్టుదల మనలోనూ బలంగా ఉంటుంది. ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే మాత్రం వాయిదా తగదు, వెంటనే ఆపాలి.

విరామంలో ఏం జరిగిందో అతని మాటల్లోనే చెప్పనివ్వండి. తరువాత, మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తాడో అడిగి, ఆ మాటను అతని చేతనే రాయించండి. నియమం ప్రకారం ఉన్న చర్యను రద్దు చేయనక్కరలేదు. అది ఈ సంభాషణ ముగిశాక, ఇద్దరూ నెమ్మదించాక నిర్ణయమైతే చాలు. తూచి ఎంచుకోవడం కూడా అభ్యాసంతో బలపడే శక్తే గనుక, ఆ అభ్యాసానికి చోటు కల్పించకుండా శిక్షతో సరిపెడితే అతనికి అందవలసిన సాయం అందనట్టే.

ఈ వారం అభ్యాసం: మీ తరగతిలో ఇటీవల జరిగిన ఒక ఘర్షణను ఎంచుకుని, ఇద్దరూ అన్న మాటలను వరుసగా రాయండి. ఎక్కడ ఆగి ఉంటే వాదన పెరిగేది కాదో గుర్తించి, అక్కడ మీరు పలుకగల ఒకే వాక్యాన్ని రాసి, సహజంగా నోటికి వచ్చేదాకా బిగ్గరగా చెప్పి చూడండి.