ఇండోర్ కోర్టులో ఫొటోల రంగు మారుతుంటే: నా అనుభవం

ఇండోర్ బ్యాడ్మింటన్‌లో 1/1000 సెకను షట్టర్ వేగం దగ్గర బర్స్ట్ (వరుసగా చకచకా ఫొటోలు) కొడితే ఒక ఫ్రేమ్ వెలుగ్గా, తర్వాతది మసగ్గా వచ్చేవి. కొన్నిట్లో ఆటగాడి ముఖం మామూలుగానే ఉండి, మోకాళ్ల దగ్గర్నుంచి పసుపు తిరిగేది. వైట్ బ్యాలెన్స్ (లైటుకి తగ్గట్టు రంగులు సరిచేసే సెట్టింగ్) తప్పేమోనని దాన్నే మార్చుతూ కూర్చోవడం వృథా. తప్పు లైట్లది.

50 హెర్ట్జ్ కరెంటుపై చాలా లైట్లు సెకనుకు 100 సార్లు, 60 మీద 120 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. 1/100లో ఒక చక్రం పూర్తిగా పడుతుంది కాబట్టి తేడా రాదు, కానీ ఆ వేగంలో రాకెట్ మసకే. 1/1000లో చక్రంలో ఏ ముక్క దొరికితే ఆ వెలుగే, ఆ రంగే.

ముందు పరీక్ష: మాన్యువల్ ఎక్స్‌పోజర్ (వెలుగు సెట్టింగులు కెమెరా మార్చకుండా మనమే పెట్టడం), 1/1000, ఖాళీ గోడ మీద 20 ఫ్రేములు. వెలుగు ఊగితే మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి. లైటు గరిష్ఠంగా ఉన్న క్షణం కోసం షట్టర్ కాస్త ఆగుతుంది, బర్స్ట్ వేగం కొంచెం తగ్గుతుంది. స్మాష్‌కి ఆ ఆలస్యం తెలుస్తుంది, వేలు ముందే కదలాలి.

ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం వద్దు. చాలా కెమెరాల్లో సెన్సర్‌ని వరుసల వారీగా చదువుతుంది, అడ్డచారలు పడతాయి. మెకానికల్‌కి మారితేనే సగం బాధ పోయింది.

వైట్ బ్యాలెన్స్ కోసం గ్రే కార్డ్‌ని (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) 1/50లో తీయండి, 60 హెర్ట్జ్ అయితే 1/60లో. ఆటంతా ‘రా’లోనే (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలైన, కెమెరా ప్రాసెస్ చేయని ఫైలు). వేర్వేరు రకాల లైట్లు కలిసిన హాల్లో యాంటీ ఫ్లికర్ కూడా తడబడుతుంది, అప్పుడు మిగిలిన తేడా ఫ్రేము ఫ్రేముకీ దిద్దుకోవాల్సిందే.