షటిల్ ఆడితే మడమ పట్టేసేది, మెట్టు మీద సరైంది

కావలిలో సిమెంటు కోర్టు మీద షటిల్ ఆడతాను. పొద్దున మంచం దిగితే మడమకు కాస్త పైన పట్టేసేది. నొక్కి చూస్తే తాడులా గట్టిగా, ఒకచోట ఉబ్బి తగిలేది. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలెస్ టెండాన్ అది. బామ్‌లూ పసరు కట్టూ అయ్యాయి.

ఫిజియో చెప్పింది వేరు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, రెండు కాళ్ళతో పైకి లేచి, నొప్పి కాలొక్కదాని మీద మడమను మెల్లగా మెట్టు కిందికి దించాలి. 15 సార్లు, 3 విడతలు, రెండు పూటలా. మోకాలు చాపి ఒకసారి, కొంచెం వంచి ఇంకోసారి. వంచితే పిక్క లోపలున్న సోలియస్ కండరానికి పని. మొత్తం 12 వారాలు. ‘మెట్టు దిగేదానికి కూడా డబ్బులిచ్చి నేర్చుకోవాలా’ అనింది మా అత్త.

మొదట్లో నొప్పి కాస్త ఎక్కువైంది, ఓర్చుకోగలిగినంతే. ఇప్పుడు స్మాష్ కొట్టి దిగినా పట్టడం లేదు. ఆటలో టప్పుమని, మునివేళ్ళ మీద లేవలేకపోతే మాత్రం టెండాన్ తెగిందేమో, ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి.