పాత రాగి గుమ్మడికాయ, 3వ భాగం: కిలుం ఎక్కడ పడతాదో అక్కడే పెట్టాలి

అలంకారానికి పెట్టుకునే ఉత్తుత్తి గుమ్మడికాయని రంగులతో పాత రాగిదిలాగా కనపడేట్టు చేస్తున్నాం మనం. పోయిన భాగంలో కాయకి ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) కొట్టి, దానిమీద నలుపు కలిపిన ముదురు గోధుమ రంగు రెండు కోట్లు వేసి ఆరబెట్టమన్నా గదా. ఇప్పుడు చెయ్యి పెట్టి చూడండి, చల్లగా తగిలిందంటే తడి ఇంకా ఉన్నట్టే. మన నెల్లూరు పక్క అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, బొమ్మల కొలువుకీ దీపావళికీ ఇల్లు సర్దుకునేదీ ఆ రోజుల్లోనే, కాబట్టి డబ్బా మీద గంటలో ఆరతాదని రాసున్నా మీరు ఒక పూట ఆగండి.

కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి ఒక్క మాట మళ్ళీ చెప్తా. థర్మాకోల్ కాయ అయితే స్ప్రే డబ్బా నేరుగా కొట్టొద్దు. నా మొదటి కాయ అట్టనే పోయింది, అన్నిటికీ పనికొస్తాదని అంగట్లో చెప్తే తెచ్చి కొట్టా, చూస్తుండగానే తొడిమ చుట్టూ గుంటలు పడి లోపలికి కుంగిపోయింది, స్ప్రేలో ఉండే సాల్వెంట్ థర్మాకోల్‌ని కరిగించేస్తాది. నీళ్ళతో కలిసే అక్రిలిక్ రంగులే వాడండి.

ఈ రోజు పని కిలుం, అంటే పాత రాగి మీద పేరుకునే పచ్చటి పొర, పట్టించడం. బ్రష్ పట్టుకునే ముందు అటక మీద నుంచి పాత రాగి బిందో కాగో దించి వాకిట్లో వెలుతుర్లో పెట్టుకోండి. మా అమ్మమ్మ నీళ్ళు కాచుకున్న కాగు ఒకటి మా ఇంట్లో ఉంది, ఈ పని నాకు నేర్పింది నిజంగా ఆ కాగే. దాని అంచు కింద మెడ చుట్టూ ఆకుపచ్చ గట్టిగా పేరుకుని ఉంది, కడియాలు అతికిన చోట రివిట్ల చుట్టూ ఇంకా జాస్తి, అడుగున నీళ్ళ బొట్టు వేలాడి ఆరిన చోట తెల్లగా పొడిపొడిగా ఉంది. పొట్ట మీద మాత్రం గోధుమ రంగే, చెయ్యి పట్టే కడియాల మీద ఎర్రటి మెరుపు అట్టనే ఉంది. అంటే నీళ్ళు నిలిచిన చోట కిలుం, చెయ్యి తగిలిన చోట మెరుపు. ఈ పాఠం మొత్తానికి గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. (చూసినాక చేతులు కడుక్కోండి, కిలుం కడుపులోకి పోతే మంచిది కాదు, మన పెద్దోళ్ళు వంట గిన్నెలకి కళాయి పూయించుకుంది అందుకే.)

రాగికి గాలి, తేమ తగిలి ముందు గోధుమ రంగుకి తిరుగుతాది, తర్వాత ఏళ్ళ మీద పచ్చబడతాది, ఉప్పుగాలి తోడైతే ఇంకా తొందరగా. న్యూయార్క్ రేవులో 1886లో నిలబెట్టిన లిబర్టీ బొమ్మ కూడా రాగి రేకుదే, మొదట్లో అది గోధుమ రంగులోనే ఉండేది, సముద్రం గాలికి ముప్పై ఏళ్ళు తిరిగేసరికి పచ్చబడింది. మనం కొనే రాగి రంగు సీసాల్లో చాలావాటిల్లో రాగి ఉండదు, మెరుపంతా అభ్రకం పొడిది, అందుకని మైపాడు సముద్రం ఒడ్డున ఏడాది పెట్టినా దానంతట అది పచ్చబడదు. మనమే పెట్టాలి.

ముందు రాగి మెరుపు. చదును బ్రష్ కొస మాత్రం రాగి రంగులో ముంచి, పాత గుడ్డ మీద తుడవండి, ఇంక రంగేమీ లేదు అనిపించేదాకా తుడవండి. అప్పుడు కాయ మిట్టల మీద అడ్డంగా, రవ్వంత ఒత్తిడితో లాగండి. మిట్టలు ఎర్రగా మెరవాల, పల్లాల్లో నలుపు అట్టనే ఉండాల. పల్లంలోకి రంగు దిగిందంటే బ్రష్‌లో తడి ఎక్కువైనట్టు.

ఇంక కిలుం రంగు. ఆకుపచ్చ, నీలం, తెలుపు కలిపి, దాన్లో గోధుమ రంగు ఒక్క చుక్క వెయ్యండి. ఆ చుక్క మర్చిపోతే నెమలికంఠం పట్టుచీర రంగు వస్తాది, చూడ్డానికి బాగుంటాది గానీ పాత రాగి అనిపించదు. ఒక చెంచా రంగుకి మూడు చెంచాల నీళ్ళు కలిపి, కాయని నిటారుగా పెట్టి, తొడిమ మొదట్లో బ్రష్‌తో వదలండి. అది దానంతట అదే పల్లాల వెంట కిందికి జారాల, వాన నీళ్ళు జారినట్టు. కాయ పక్కకి వాలి ఉంటే చారలు అడ్డంగా పోతాయి, నీళ్ళు అట్టా పారవు గదా, చూసేవాళ్ళకి కారణం తెలీకపోయినా ఎక్కడో తేడాగా ఉంటాది. రెండు నిమిషాల్లోపలే తడిగుడ్డతో మిట్టల్ని తుడిచేయండి.

అది ఆరినాక గట్టి కిలుం. మిగిలిన రంగులో ఇంకాస్త తెలుపు కలిపి, రెండు చెంచాలకి ఒక చెంచా వంట సోడా వేసి కలపండి, సున్నం ముద్దలాగా గరుగ్గా అవతాది. తొందరగా బిగుసుకుంటాది, కొంచెం కొంచెమే కలుపుకోండి. గిన్నెలు తోమే స్పాంజి కత్తిరించొద్దు, చేత్తో చింపండి, కత్తిరిస్తే గీత అంచు పడతాది. ఆ ముక్కతో తొడిమ చుట్టూ, పల్లాల అడుగు కొసల్లో, కాయ నేలకి ఆనే చోట పైకి రెండు వేళ్ళ ఎత్తు దాకా అద్దండి. చాలామంది ఇక్కడే చెయ్యి ఆపలేరు, బాగుందని కాయంతా అద్దేస్తారు, అప్పుడది గోడకి వేసిన డిస్టెంపర్ లాగా అయిపోతాది. మూడొంతుల్లో ఒక వంతు పచ్చ ఉంటే చాలు. అప్పుడప్పుడూ నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తా ఉండండి.

చివరికి వేలికొసకి రాగి రంగు అంటించుకుని, కాయని ఎత్తేటప్పుడు మీ చెయ్యి ఎక్కడ పడతాదో ఆ మిట్టల మీదా, తొడిమ పైకొస మీదా రుద్దండి. బ్రష్ వద్దు, వేలే. చెయ్యి తగిలి అరిగిన గుర్తు చేత్తో పెడితేనే సరిగ్గా వస్తాది.

హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టొద్దు, వేడికి థర్మాకోల్ ఉబ్బి కుంగుతాది. రాత్రంతా ఫ్యాన్ కింద వదిలేయండి. వార్నిష్ కూడా ఇప్పుడే కొట్టొద్దు, మెరిసే వార్నిష్ పడిందంటే ఈ సున్నం పొడి లాంటి తెలుపంతా తడిసినట్టు కనపడతాది. మెరుపు లేని వార్నిష్ ఎట్టా వెయ్యాలో, దాంతోపాటు ఇనుము తుప్పు రంగు ఎట్టా కలపాలో 4వ భాగంలో చేద్దాం. దానికి ఇంకో చిన్న కాయ, కొంచెం ఇటుక పొడి సిద్ధం పెట్టుకోండి.