యూమెన్ ప్రయాణానికి ముందు చూసుకోవాల్సినవి

చైనాలోని గాన్సు రాష్ట్రంలో, పాత పట్టుదారి (సిల్క్ రోడ్) మీద ఉన్న చమురు పట్టణం యూమెన్. 1939లో లావోజున్‌మియావ్ దగ్గర తొలి బావిలో నూనె పడింది. ఈశాన్య చైనాలోని దాచింగ్ చమురు క్షేత్రం వీరుడిగా చైనా కొలిచే చమురు కార్మికుడు, 'ఉక్కు మనిషి' వాంగ్ జిన్‌షీ ఈ ప్రాంతం వాడే.

అన్నిటికన్నా ముందు, ఏ యూమెన్‌కి వెళ్తున్నారో తేల్చుకోండి. ఈ పేరుతో మూడు చోట్లు ఉన్నాయి. ప్రాచీన కవిత్వంలో వినిపించే యూమెన్ కనుమ కోట శిథిలం దున్‌హువాంగ్ వైపు ఎడారిలో ఉంది. నూనె తగ్గిపోయాక 2003లో నగరపాలన తరలి వెళ్లిన కొత్త పట్టణం ఒకటి. బావులున్న పాత పట్టణం దానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, కొండవారన ఉంటుంది. టికెట్ కొనేముందు డ్రైవర్‌కి చూపించడానికి చైనీస్ అక్షరాల్లో రాసిన చిరునామా దగ్గర పెట్టుకోండి.

పాత పట్టణం 2,300 మీటర్లకు పైనే ఉంటుంది. మొదటిరోజు పరుగులు పెట్టకండి, నీళ్లు తాగుతూ ఉండండి. వేసవిలోనూ స్వెటర్ కావాలి. గాలి విపరీతం, దుమ్ముకి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఖాళీ అపార్ట్‌మెంట్లలోకి ఫొటోల కోసం వెళ్లొద్దు, పైకప్పులు, మెట్లు నమ్మలేం. ఇప్పటికీ ఊగుతున్న పంపుల దగ్గర కంచె దాటొద్దు, సిగరెట్ వెలిగించొద్దు.

పాస్‌పోర్ట్ ఎప్పుడూ వెంట ఉండాలి. ఫోన్‌తో డబ్బు చెల్లించే చైనా యాప్ అలీపేని బయల్దేరేముందే సెట్ చేసుకోండి. చైనా లోపలి విమానాల్లో '3సీ' (చైనా భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేని పవర్‌బ్యాంక్‌ని 2025 జూన్ 28 నుంచి అనుమతించడం లేదు.

గడియారం బీజింగ్ టైమే, మనకంటే రెండున్నర గంటలు ముందు. వేసవిలో రాత్రి తొమ్మిదికి కూడా వెలుతురుంటుంది, దాన్ని చూసి తిరుగు బస్సు మిస్సవకండి.