వేగం అందుకున్నాకే కారు మాట వినడం లేదా? వింగ్, స్ప్లిటర్, డిఫ్యూజర్ సమస్యలు - పరిష్కారాలు

వింగో (వెనక బిగించే రెక్క) స్ప్లిటరో (ముందు బంపర్ కింద ముందుకు పొడుచుకొచ్చే పలక) బిగించిన కారు సరిగ్గా నడవకపోతే ముందు తేల్చాల్సింది ఒక్కటే: తప్పు గాలిదా, సస్పెన్షన్‌దా? వేగం రెట్టింపైతే గాలి బలం నాలుగు రెట్లవుతుంది. 1.6 మీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మామూలు సింగిల్ వింగ్ గంటకు 60 కిలోమీటర్ల దగ్గర కారును 7 కిలోలతో కిందికి నొక్కుతుంది. 100 దగ్గర 19 కిలోలు, 200 దగ్గర 77 కిలోలు. కాబట్టి హెయిర్‌పిన్ లాంటి నెమ్మది మలుపులో కూడా ముందు టైర్లు జారుతుంటే వింగ్ జోలికి పోకండి. అలైన్‌మెంట్, టైర్ ప్రెషర్, యాంటీరోల్ బార్ (మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) చూసుకోండి. నెమ్మది మలుపుల్లో బుద్ధిగా ఉండి, 120, 130 దాటాక మొరాయిస్తేనే కింద చెప్పినవి మీకు పనికొస్తాయి.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. వింగ్ కోణం, రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో చివరికి ఎవరికీ తెలియదు.

వెనక వింగ్ పెట్టాక, వేగపు మలుపుల్లో ముక్కు బయటికి పోతోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. వింగ్ ఉండేది వెనక ఇరుసుకు ఇంకా వెనక. అక్కడ నొక్కితే ఊగుడుబల్లలా ముందు భాగం తేలుతుంది. వీల్‌బేస్ 2.5 మీటర్లు, వింగ్ ఇరుసుకు 75 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. వింగ్ 77 కిలోలతో నొక్కితే వెనక చక్రాల మీద 100 కిలోలు పడతాయి, ముందు చక్రాల మీద 23 కిలోలు తగ్గుతాయి. దీనికి డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, తోడవుతుంది. నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున 10 కిలోల డ్రాగ్ ఉంటే ముందు నుంచి మరో 5 కిలోలు వెనక్కి వెళ్తాయి.

కథ అక్కడితో ఆగదు. చక్రం దగ్గర స్ప్రింగ్ గట్టితనం మిల్లీమీటరుకు 40 న్యూటన్లయితే, ఈ బరువుకు వెనక భాగం 13 మిల్లీమీటర్లు దిగి, ముక్కు 3 మిల్లీమీటర్లకు పైగా లేస్తుంది. ముందున్న స్ప్లిటర్ నేలకు దూరమై ఆ మేరకు బలం కోల్పోతుంది. చాలామంది ఇక్కడే యాంటీరోల్ బార్ మార్చి సరిపెట్టుకుంటారు. దాంతో వేగపు మలుపు కొంత బాగుపడుతుంది గానీ, అప్పటిదాకా బాగున్న నెమ్మది మలుపుల్లో వెనక భాగం జారడం మొదలవుతుంది.

పరిష్కారం: వింగ్ కోణం 2 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోండి. సున్నా దగ్గరికి వచ్చినా ముక్కు జారుతుంటే ముందు భాగంలో డౌన్‌ఫోర్స్ (కిందికి నొక్కే గాలి బలం) చాలడం లేదని అర్థం. ఎయిర్ డ్యామ్ (బంపర్ కింద గాలిని అడ్డుకునే నిలువు పలక), దాని కింద 75 నుంచి 100 మిల్లీమీటర్లు ముందుకు వచ్చే స్ప్లిటర్, ఫెండర్ మీద టైరు పైభాగాన లూవర్లు (గాలి బయటికి పోయే చీలికలు), ఈ వరసలో చేర్చండి. బంపర్ మూలల్లో అంటించే చిన్న రెక్కలు, అంటే కెనార్డ్‌లు, చివరి సర్దుబాటుకే. స్ప్లిటర్ లేని కారుకు కెనార్డ్‌లు పెట్టడం అలంకారమే. మొత్తం డౌన్‌ఫోర్స్‌లో ముందు వాటా, కారు బరువులో ముందు వాటా కంటే కాస్త తక్కువగా ఉంటే కారు వేగంలో నిలకడగా ఉంటుంది.

వింగ్ పెట్టినా ఏ తేడా లేదు

అయితే వింగ్‌కు గాలి తగలడం లేదు, లేదా తగిలిన గాలి అంటుకోకుండా విడిపోతోంది. రెండింటినీ కంటితోనే చూడొచ్చు. 60 నుంచి 70 మిల్లీమీటర్ల ఊలు దారం ముక్కలు వింగ్ కింది వైపు, వెనక అద్దం మీద, డిక్కీ మీద 10 సెంటీమీటర్లకొకటి చొప్పున టేపుతో అంటించి, వెనక వస్తున్న కారు నుంచి వీడియో తీయండి. దారాలు తిన్నగా వెనక్కి పారితే సరే. గిరగిరా తిరిగినా, ముందుకు మళ్లినా అక్కడ గాలి విడిపోయింది. వింగ్ కింది వైపు దారాలే ముఖ్యం, స్టాల్ (గాలి విడిపోయి వింగ్ బలం పడిపోవడం) మొదలయ్యేది అక్కడే.

గాలి ఎక్కడ తగలడం లేదో పురుగులు కూడా చెబుతాయి. 1969లో పోర్షే 917 రేసు కారు తిన్నగా నడవక డ్రైవర్లను హడలెత్తించింది. ఆస్ట్రియాలోని జెల్ట్‌వెగ్ ట్రాక్ మీద పరీక్షలు చేస్తుండగా జాన్ వయ్యర్ జట్టు ఇంజనీర్ జాన్ హార్స్‌మన్ ఒక సంగతి పట్టుకున్నాడు. కారు ఒంటినిండా చచ్చిన పురుగులే గానీ తోక మీది స్పాయిలర్‌పై ఒక్కటీ లేదు. అంటే గాలి దాన్ని తాకకుండానే పైనుంచి పోతోంది. అల్యూమినియం రేకులతో తోకను ఎత్తు చేశారు, కారు దారికి వచ్చింది. ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల రేసులో గెలిచిన 917-కె మోడల్ పుట్టింది అలాగే. ట్రాక్ నుంచి వచ్చిన కారును కడిగేసే ముందు ఒకసారి తోక వైపు చూడండి.

సెడాన్‌లో వింగ్‌ను డిక్కీకి ఆనించి పెడితే అది పైకప్పు నీడలో మునిగిపోతుంది. నియమాలు ఒప్పుకుంటే పైకప్పు ఎత్తుకు దగ్గరగా పెట్టండి. ఎత్తు సరిగ్గానే ఉంటే కోణం చూడండి. పైకప్పు దాటిన గాలి కిందికి వంగి వస్తుంది, వింగ్ మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా. నేలతో పోల్చి 10 డిగ్రీలు పెట్టామనుకుంటాం, మధ్యలో గాలికి తగిలేది ఇంకో కోణం. మధ్య భాగం ఒక కోణంలో, చివరలు మరో కోణంలో ఉండే మెలితిరిగిన వింగులు వచ్చింది ఇందుకే. తిన్నటి వింగ్ అయితే 0 దగ్గర మొదలుపెట్టి 2 డిగ్రీల చొప్పున పెంచండి. డౌన్‌ఫోర్స్ పెరగడం ఆగి టాప్ స్పీడ్ మాత్రం పడిపోతున్న చోట స్టాల్ అయినట్టు. అక్కడి నుంచి 2, 3 డిగ్రీలు వెనక్కి రండి.

ఇంకొంచెం కావాలంటే కోణం పెంచేకంటే గర్నీ ఫ్లాప్ మేలు. 1971లో డాన్ గర్నీ జట్టు వింగ్ వెనక అంచున నిలువుగా బిగించిన చిన్న ఎల్ పట్టీ ఇది. ఎత్తు వింగ్ వెడల్పులో 1 నుంచి 2 శాతం, అంటే 25 సెంటీమీటర్ల వింగ్‌కు 2.5 నుంచి 5 మిల్లీమీటర్లు. అంగుళం పట్టీ పెట్టి డ్రాగ్ పెరిగిందని బాధపడితే తప్పు గర్నీది కాదు.

తిన్నగా పోతున్నప్పుడు వెనక తేలిపోతున్నట్టు, బ్రేక్ వేస్తే తోక ఊగుతున్నట్టు ఉంది

ముందు స్ప్లిటర్ పెట్టి వెనక ఏమీ పెట్టకపోతే ఇలాగే ఉంటుంది. నునుపుగా వంగిన తోక ఉన్న కార్లలో ఏ మార్పూ చేయకపోయినా వస్తుంది. మొదటి తరం ఆడి టీటీతో జర్మనీలో అధిక వేగంలో ప్రమాదాలు జరిగాక కంపెనీయే చిన్న వెనక స్పాయిలర్, ఈఎస్‌పీ (కారు జారకుండా ఆపే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) చేర్చి, సస్పెన్షన్ సరిచేయాల్సి వచ్చింది. ఆ తోకకు కావాల్సింది పెద్ద వింగ్ కాదు, గాలిని అంచు దగ్గర తెంపే పెదవి లాంటి స్పాయిలర్. స్ప్లిటర్ వచ్చాక సమస్య మొదలైతే, దాని పొడవు 25 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించి చూడండి, లేదా వెనక స్పాయిలర్ చేర్చండి.

ఒక వేగం దాటగానే కారు పైకీ కిందికీ గెంతుతోంది

ఫ్లాట్ ఫ్లోర్ (చదునైన అడుగు), డిఫ్యూజర్ (వెనక పైకి వాలే అడుగు భాగం), సైడ్ స్కర్టులు ఉన్న కార్లలోనే వచ్చే జబ్బు. పేరు పార్పాయిజింగ్. వేగం పెరిగేకొద్దీ ఫ్లోర్ కారును కిందికి లాగుతుంది. నేలకు మరీ దగ్గరైతే కింద గాలి దారి మూసుకుపోయి బలం ఒక్కసారిగా పోతుంది. స్ప్రింగులు కారును లేపుతాయి, గాలి మళ్లీ పారుతుంది, మళ్లీ లాగుతుంది. 1970ల చివర్లో అడుగున పారే గాలితో నేలకు అతుక్కునే గ్రౌండ్ ఎఫెక్ట్ రేసు కార్లలో చూసినదే, 2022లో కొత్త నియమాలతో ఫార్ములా 1కు తిరిగి వచ్చింది. 2023కి రేసింగ్ నియంత్రణ సంస్థ ఎఫ్‌ఐఏ ఫ్లోర్ అంచులను 15 మిల్లీమీటర్లు పైకి లేపించింది.

డ్యాంపర్ పాడైనప్పుడు గతుకు తగిలిన ప్రతిసారీ ఊగుతుంది, వేగంతో పనిలేదు. ఇది మాత్రం ఒక వేగంలో మొదలై, యాక్సిలరేటర్ వదలగానే ఆగుతుంది. రైడ్ హైట్ 5 మిల్లీమీటర్ల చొప్పున పెంచండి. తర్వాత బంప్‌స్టాప్‌కు (సస్పెన్షన్ కదలికను చివర్లో ఆపే రబ్బరుకు) ప్యాకర్లు, అంటే బిళ్లలు, వేసి కారు చివరి కొన్ని మిల్లీమీటర్లు దిగకుండా చూడండి. ఫ్లోర్ అంచులు చేత్తో నొక్కితే వంగుతుంటే వాటిని కడ్డీలతో బిగించండి. వంగే అంచే తరచూ దోషి. స్ప్రింగులు గట్టిపరచడం చివరి మాట, దాంతో మెకానికల్ గ్రిప్ (టైర్లు, సస్పెన్షన్ ఇచ్చే పట్టు) పోతుంది.

డిఫ్యూజర్ విషయంలో ఒక్క మాట. కోణం 7 నుంచి 12 డిగ్రీల మధ్య ఉండాలి, దాని ముందు ఫ్లాట్ ఫ్లోర్ ఉండాలి. బంపర్ కింద 30 డిగ్రీల వాలుతో వేలాడే రెక్కల ముక్క డిఫ్యూజర్ కాదు.

స్ప్లిటర్ వణుకుతోంది, విరుగుతోంది

200 దగ్గర 1.6 మీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవున్న స్ప్లిటర్ పైభాగం మీదే గరిష్ఠంగా 25 కిలోల బలం ఉంటుంది. కింది వైపు పీల్చే బలం దీనికి అదనం. ప్లాస్టిక్ బంపర్‌కు స్క్రూలతో తగిలిస్తే నిలబడదు. 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ చవకైనా గట్టిది, అంచులకు ఎపాక్సీ పూయకపోతే నీరు తాగి పొరలు విడిపోతుంది. వెనక అంచును చాసిస్‌కు, అంటే సబ్‌ఫ్రేమ్‌కు లేదా క్రాష్ బార్‌కు బ్రాకెట్లతో బిగించండి. ముందు అంచుకు కనీసం రెండు సపోర్ట్ రాడ్లు వేయండి, అవీ బంపర్‌కు కాకుండా లోపలి లోహానికే ఆనాలి. దాని మీద మనిషి నిలబడినా కదలకూడదు, అదే పరీక్ష.

గట్టిగా బ్రేక్ వేసినప్పుడు మాత్రమే ముందు పట్టు ఉన్నట్టుండి పోతుంటే స్ప్లిటర్ నేలను తాకుతోంది, లేదా మరీ దగ్గరై కింద గాలి ఆగిపోతోంది. కింద గీతలు చూస్తే తెలుస్తుంది. 10 మిల్లీమీటర్లు లేపండి.

వింగ్ ఊగుతోంది, డిక్కీ దగ్గర పగుళ్లు

డిక్కీ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. లోపలి వైపు 2, 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు పెట్టి బలాన్ని పరచండి. వీలైతే స్టాండ్‌లు డిక్కీని దాటి చాసిస్ దాకా వెళ్లాలి. రెండు స్టాండ్‌ల మధ్య అడ్డంగా ఒక బ్రేస్ వేయండి, మలుపుల్లో పక్క గాలి తోసేది అటే. తర్వాత 25 కిలోల ఇసుక బస్తాలు 6, వింగ్ మీద సమంగా పరచి చూడండి. 150 కిలోలంటే 200 వేగంలో వచ్చే బలానికి దాదాపు రెట్టింపు. వంగి మళ్లీ పాత చోటికి రాకపోతే ట్రాక్ మీదికి తీసుకెళ్లకండి. 1969లో స్పెయిన్‌లోని మోంజుయిక్ ట్రాక్ మీద లోటస్ ఫార్ములా 1 కార్ల ఎత్తైన వింగులు ఒకే చోట విరిగి డ్రైవర్లు గ్రాహం హిల్, యోహెన్ రింట్ ఇద్దరూ ప్రమాదానికి గురయ్యారు. తర్వాతి రేసు మొనాకోలో ఎత్తైన వింగులను నిషేధించారు.

ఎయిర్ డ్యామ్ పెట్టాక ఇంజన్ వేడెక్కుతోంది

రేడియేటర్‌లోకి గాలి రావడం ఎంత ముఖ్యమో పోవడమూ అంతే. మొదట, గ్రిల్ నుంచి రేడియేటర్ దాకా సందులన్నీ ఫోమ్, అల్యూమినియం టేపుతో మూయండి. సందు దొరికితే గాలి రేడియేటర్‌ను తప్పించుకుపోతుంది. తర్వాత బానెట్ వెంట్. విండ్‌షీల్డ్ మొదట్లో పెడితే గాలి బయటికి రాకపోగా లోపలికి దూరుతుంది, అక్కడ పీడనం ఎక్కువ. బానెట్ ముందు మూడో వంతులో, వంపు తిరిగే చోట పీడనం తక్కువ.

అనుమానం ఉంటే యూ ఆకారంలో పారదర్శక పైపు, అందులో రంగు నీళ్లు చాలు. ఒక కొస వెంట్ పెట్టదలచిన చోట ఉపరితలానికి సమంగా అంటించండి, రెండోది బానెట్ కింద రేడియేటర్ వెనక ఉంచండి. రెండోది చూపించే పీడనం ఎక్కువైతేనే అక్కడ రంధ్రం కోయండి. పోల్చుకోవడానికి ఒక అంకె: 100 వేగంలో గాలికి ఎదురుగా పూర్తి పీడనం 48 మిల్లీమీటర్ల నీటి మట్టం.

టాప్ స్పీడ్ పడిపోయింది

కొంత పడక తప్పదు. 200 దగ్గర 10 కిలోల అదనపు డ్రాగ్ సుమారు 7 హార్స్‌పవర్ తింటుంది. స్టాల్ అయిన వింగ్ 30 కిలోల డ్రాగ్ తెస్తే 22. అందుకే ల్యాప్ టైమ్ చూడకుండా స్ట్రెయిట్ చివర వేగం మాత్రమే చూసి వింగ్ పీకేయకండి.

ఒక చోట బాగున్న సెటప్ ఇంకో చోట పనిచేయడం లేదు

గాలి సాంద్రత చూడండి. అమెరికాలోని పైక్స్ పీక్ కొండ రేసు 2,862 మీటర్ల ఎత్తున మొదలై 4,302 మీటర్ల దగ్గర ముగుస్తుంది. శిఖరం దగ్గర గాలి సముద్ర మట్టం కంటే సుమారు 35 శాతం పలచన, డౌన్‌ఫోర్స్ కూడా అంతే తగ్గుతుంది. అక్కడి కార్లకు అంత భారీ వింగులు అందుకే. 2018లో 7 నిమిషాల 57.148 సెకన్లలో కొండెక్కిన ఫోక్స్‌వాగన్ ఐ.డి. ఆర్‌ను చూడండి, వెనక వింగే కారంత వెడల్పు. మరోవైపు, డ్రాగ్ కూడా తగ్గుతుంది కాబట్టి కోణం ధైర్యంగా పెంచుకోవచ్చు.

ట్రాక్‌కు సరే, తనిఖీలో తిప్పి పంపారు

రోడ్డు మీద తిరిగే కారుకు నియమాలు దేశానికో తీరు. జపాన్ షాకెన్ తనిఖీలో నేలకు కనీసం 9 సెంటీమీటర్ల ఖాళీ చూస్తారు. వెల్డింగో రివెట్లో వేసి శాశ్వతంగా చేర్చిన భాగాల వల్ల కారు కొలతలు పొడవులో 3, వెడల్పులో 2, ఎత్తులో 4 సెంటీమీటర్లు దాటి మారితే నమోదు మార్పించుకోవాలి. జర్మనీలో ఆ భాగంతో వచ్చిన ఆమోద పత్రం ఏ రకమో ముఖ్యం. కొన్నిటికి పత్రం కారులో ఉంటే చాలు, కొన్నిటిని బిగించాక టూఫ్ లాంటి సంస్థ ఇంజనీర్‌కు చూపించాలి. ఏ పత్రమూ లేని ఫైబర్ వింగ్ అయితే విడిగా పరీక్ష చేయించుకోవాలి, అది ఖరీదైన పని. ఐక్యరాజ్య సమితి 26వ వాహన నియమం అమలయ్యే చోట్ల బయటికి పొడుచుకొచ్చే అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. కత్తిలా ఉన్న అల్యూమినియం ఎండ్‌ప్లేట్ (వింగ్ చివరి నిలువు పలక) ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. 5 మిల్లీమీటర్ల వ్యాసమున్న రబ్బరు గొట్టాన్ని నిలువునా చీల్చి అంచుకు తొడిగే ముందు, తీసి వేయగల తొడుగును మీ తనిఖీ అధికారి ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. ఒప్పుకోకపోతే మందమైన ప్లేటుతో ఎండ్‌ప్లేట్ మళ్లీ చేసి అంచు రాయించడమే.