కత్తి ఉక్కులో లోపముందని అనుమానమా? సాన పెట్టకముందే ఇవి చేయండి

మూడేళ్ల కిందట ముచ్చటపడి ఒక ఖరీదైన వంటింటి కత్తి కొన్నాను. రెండో నెలకే అంచు మీద మూడు చోట్ల నొక్కులు పడ్డాయి. చేతిలో సానరాయి ఉందిగా అని గంటసేపు నూరి వాటిని మాయం చేశాను. పది రోజుల్లో మళ్లీ పడ్డాయి. అప్పుడు కంపెనీకి రాస్తే, "మీరు సాన పెట్టారు కాబట్టి వారంటీ వర్తించదు" అని ఒకే వాక్యంలో జవాబొచ్చింది. వాదిద్దామంటే నా దగ్గర మొదటి నొక్కుల ఫొటో ఒక్కటీ లేదు.

అందుకే అనుమానం వచ్చిన రోజే కత్తిని కడిగి, తుడిచి, పక్కన పెట్టేయండి. నూరొద్దు. వీధిలో సైకిల్ చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్లకు అసలే ఇవ్వొద్దు. ఆ రాపిడి వేడికి అంచు గట్టిదనం పోతుంది. ఒక్కోసారి నీలం, గోధుమ రంగు మరకలూ తేలతాయి. అవి కనబడితే తప్పు ఉక్కుదైనా నెపం మీ మీదికే వస్తుంది.

1. వెలుతురులో చూడండి

అంచును పైకి తిప్పి బల్బు కింద పట్టుకోండి. పదునున్న అంచు మెరవదు. మెరిసే చుక్క కనబడిందంటే అక్కడ నొక్కు పడిందో, అంచు మొద్దుబారిందో, పక్కకు మడత పడిందో అన్నమాట. తర్వాత పిడి దగ్గర నుంచి మొన దాకా ఒక కంటితో చూస్తే వంకర తెలుస్తుంది.

చీలిక సంగతి వేరు. సన్నని గీత కనబడితే అది గీతా, చీలికా అన్నది కంటికి అంత తేలిగ్గా దొరకదు. దానికో పాత చిట్కా ఉంది. అక్కడ కుట్టుమిషన్ నూనె రాసి పావుగంట ఆగండి. గుడ్డతో పూర్తిగా తుడిచేసి, పైన సుద్దపొడి పల్చగా అద్దండి. పైపై గీతలో నూనె నిలవదు. చీలికైతే లోపల దాగిన నూనె మెల్లగా పైకొచ్చి సుద్ద మీద తడి గీత తేలుతుంది. వెల్డింగ్ అతుకుల్లో చీలికలు పట్టడానికి కిరోసిన్, సుద్దతో చేసేది కూడా ఇదే పని. తడి గీత తేలితే ఇక ఆ కత్తితో ఏదీ కోయకండి. అది ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

అయస్కాంతం పెట్టి చూసి "అంటుకుంటోంది, ఇది స్టెయిన్‌లెస్ కాదు, మోసం" అనేవాళ్లున్నారు. వంటింటి కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ ఉక్కు మామూలుగా అయస్కాంతానికి అంటుకుంటుంది. గట్టిపడేలా వేడిచేసి చల్లార్చిన ఉక్కు అది. అంటుకోని స్టీలు గరిటెలది వేరే రకం.

2. తప్పు ఉక్కుదా, మనదా?

ఇక్కడ మనతో మనం నిజాయితీగా ఉండాలి. ఆ కత్తితో కొబ్బరి చిప్ప, బెల్లం దిమ్మ, మటన్ బొక్క కొట్టారా? గాజు పలక మీదో, గ్రానైట్ గట్టు మీదో తరిగారా? అయితే నొక్కులకు కంపెనీని అనడం కష్టం. జపాన్ తరహా కత్తుల్లో ఇది మరీ ఎక్కువ. వాటి ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దగ్గర ఉంటుంది. జర్మన్ తరహావి 55 నుంచి 58 మధ్య. గట్టిదైన కొద్దీ పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, దెబ్బ తగిలితే పెచ్చు ఊడడమూ ఎక్కువే.

తుప్పు చుక్కలు కూడా చాలాసార్లు మన పుణ్యమే. ఉప్పు, చింతపండు, నిమ్మరసం తగిలిన కత్తిని రాత్రంతా సింకులో వదిలేస్తే స్టెయిన్‌లెస్‌కైనా గుంటలు పడతాయి.

మరి లోపమని దేన్ని అనుమానించాలి? ఉల్లిపాయలు, టమాటాలు తప్ప ఏమీ కోయకపోయినా అంచు విరగడం, రెండు రోజులకే మడత పడటం, పొరలు అతికించి చేసిన కత్తిలో పొరల మధ్య సందు తేలడం, నూనె పరీక్షలో చీలిక బయటపడటం. ఇవైతే గట్టిగా అడగొచ్చు.

3. ఫొటోలు, బిల్లు, మెయిల్

పక్కన స్కేలు పెట్టి లోపాన్ని దగ్గర నుంచి ఫొటో తీయండి. కత్తి రెండు వైపులా, దాని మీది మోడల్ నంబరు కూడా రావాలి. ఆన్‌లైన్‌లో కొంటే బిల్లు మీ ఆర్డర్లలోనే ఉంటుంది, డౌన్‌లోడ్ చేసుకోండి. వారంటీ కాగితంలో గడువు ఒక్కటే చూసి వదిలేయకండి. ఏ దేశంలో చెల్లుతుందో కూడా చూడండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కత్తికి ఇక్కడ సర్వీసు దొరక్కపోవచ్చు.

ఫోన్‌లో మాట్లాడినా తర్వాత మెయిల్ రాయాల్సిందే. కోపం అక్కర్లేదు, ఇంత చాలు: "ఫలానా తేదీన కొన్నాను. కూరగాయలకే వాడాను. ఇంతవరకు సాన పెట్టలేదు. ఫలానా రోజు ఈ చీలిక చూశాను. పరీక్షించి, తయారీ లోపమైతే మార్చి ఇవ్వగలరు."

"ఒకసారి సాన పెడితే పోతుంది" అని వాళ్లు అనొచ్చు. అది అబద్ధమేమీ కాకపోవచ్చు. ఫ్యాక్టరీలో నూరేటప్పుడు వేడెక్కి బలహీనపడిన అంచు రెండు మూడు సానలకు పోయి, లోపల మంచి ఉక్కు తగలడం ఉన్నదే. కానీ అలా చేసినా వారంటీ పోదని మెయిల్‌లో రాయించుకున్నాకే రాయి ముట్టండి.

పంపమంటే అంచుకు మందపాటి అట్ట మడిచి టేపు చుట్టి, మొనకు ఇంకో అట్ట తొడిగి, గట్టి పెట్టెలో కదలకుండా పెట్టండి. కొరియర్ రసీదు దాచుకోండి.

4. కాదు పొమ్మంటే

ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆ సైట్ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అదీ పని చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. లాయరు తప్పనిసరి కాదు. 5 లక్షల రూపాయల లోపు కొన్నదానికి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. కత్తి కోసం అంత దూరమా అంటే, రెండు వందల రూపాయల చాకుకి నేనైతే వెళ్లను, ఎనిమిది వేలదానికి వెళ్తాను.

బదులు కత్తి వస్తే మాత్రం ఒకటి అడిగి రాయించుకోండి: వారంటీ పాత బిల్లు తేదీ నుంచా, కొత్తది చేతికొచ్చిన రోజు నుంచా అని.